కన్నెమీట

పొద్దు పొడవగానే లోకమంతా కళ్ళు తెరుస్తుంది. నిద్రాచలం మాత్రం కళ్ళు మూసుకుంటుంది.

మబ్బులను ఒరుసుకుంటూ నిలిచిన ఆ నల్లరాతి కొండ మీద, ఏడు ప్రాకారాల నడుమ, పగడపు స్తంభాలు, పచ్చల తోరణాలు, నెమలికంఠపు రంగు పలకలు పరిచిన మేడలు ఎండలో ధగధగలాడుతుంటాయి. చూసి మురిసేవాళ్ళే ఉండరు. ఆ కోట ఏలిక మాంత్రికుడు ఉలూకాక్షుడు తెల్లవారితే పడకెక్కి, చీకటి పడ్డాక లేస్తాడు. ఆయనగారి నిద్ర చెడకుండా కోళ్ళ ముక్కులకు దారాలు కట్టారు. గుడిగంట నాలుకకు దూది చుట్టారు. కావలివాళ్ళు బూరుగుదూది కుట్టిన చెప్పులు తొడుక్కుని తిరుగుతారు. తుమ్ము వచ్చినవాడు ప్రాకారం దాటి వెళ్ళి తుమ్మి రావాలి. అలాంటి కోటలోకి, నోరు మూసుకుని క్షణం కూర్చోలేని చెంచయ్యను వెంటబెట్టుకుని పోదామనుకోవడం సింగన చేసిన మొదటి సాహసం.

చెంచయ్య ఒకప్పుడు దొంగ. ఇప్పుడు కాదని అతనే చెబుతాడు. ఆ ఉదయం కొండ కింద మామిడితోపులోకి రెండు నూనె కావళ్ళు మోసుకొచ్చి, గానుగవాణ్ణి అడిగి తెచ్చానన్నాడు. ఏమని అడిగాడో సింగన అడగలేదు.

సింగన ఆయుధాలు చేసే కొలిమికోటలో పుట్టినవాడే. సుత్తి పడితే ఇనుముకు బదులు తన వేలే చదునయ్యేది. మేనమామ విసిగిపోయి, "నీ చేతులకన్నా కాళ్ళు నయంరా" అని రాజుగారి వేగుల్లో చేర్పించాడు. ఆ మేనమామ కూతురు మైలమ. ఎంత మొండి ఇనుమైనా ఆమె చేతిలో పడితే చెప్పిన మాట వినేది. ఆ ఇద్దరికీ పెళ్ళి నిశ్చయమై, పందిరి రాటలు పాతుతున్న పూట, ఏనుగంత గుడ్లగూబ ఒకటి ఆకాశంలోంచి దిగి మైలమను తన్నుకుపోయింది.

ఆ గుడ్లగూబ ఉలూకాక్షుడే. చావులేని ఇనుప దేహం ఒకటి తనకు చేసి పెట్టమన్నాడు. ఆమె వాడి ఒళ్ళంతా కొలత తీసుకుని, "నీకు చావు లేకుండా నేను చెయ్యను" అని మొహం మీదే చెప్పింది. వాడు మండిపడి ఆమె పంచప్రాణాలనూ తీసి అయిదు గాజుదీపాల్లో పెట్టాడు. రాతిబొమ్మలా నిలబడిపోయిన ఆమెలో కళ్ళు మాత్రం బతికి ఉన్నాయి. చూస్తూ ఉంటే ఎప్పటికైనా మనసు మారుతుందని వాడి ఆశ. అయిదు దీపాలనూ ఒకే ఊపులో ఆర్పితేనే ఆమె తిరిగి మనిషవుతుంది. ఒక్కటి మిగిలినా, దాని నుంచి తక్కినవన్నీ మళ్ళీ అంటుకుంటాయి.

సింగన దగ్గర ఆమె చేతి గుర్తు ఒక్కటే మిగిలింది. దాన్ని అతను అంగీ కింద, నడుముకు ఆనించి దాచుకుని తిరిగేవాడు. దాని పేరు ఆరుముల్లు. అరచేతిలో ఇమిడే పిడి, దాని మీద చిన్న గుండ్రటి దిమ్మ, దిమ్మకు ఆరు తొర్రలు, తొర్రకొక ఉక్కుముల్లు. వేలితో మీట లాగితే దిమ్మ ఒక తొర్ర మేర తిరుగుతుంది, లోపలి కమాను బిగుసుకుంటుంది, చివరిదాకా లాగితే కమాను వదిలి ముల్లు దూసుకుపోతుంది. మళ్ళీ లాగితే మరో ముల్లు. విల్లు ఎక్కుపెట్టే లోపల ఆరుగురిని కొట్టవచ్చు, మీట సులువుగా కదిలితే.

కదలదు. అదే వచ్చిన చిక్కు.

మామిడికొమ్మకు అయిదు దోసకాయలు వేలాడదీసి సింగన గురిచూశాడు. మీట లాగడానికి చేతిలో బలమంతా వేలిలోకి తోడుకోవాల్సి వచ్చింది. ఆ గుంజుడుకు మణికట్టు ఎడమవైపు ఒరిగింది. రెండు ముళ్ళు కాయల్లో దిగాయి. మూడు పక్కనున్న చెట్టుకు దిగబడ్డాయి.

"అన్నా, కాయలకు ప్రాణభయం లేదు గానీ ఆ చెట్టు బిక్కచచ్చిపోతోంది" అన్నాడు చెంచయ్య. "దాన్ని విప్పి కాస్త సాపు చేసుకోరాదూ?"

"విప్పకూడదు."

"ఎవరు కొడతారేంటి?"

"కొట్టరు చెంచయ్యా. మా వాళ్ళలో నిశ్చయమైన పిల్ల తన చేత్తో ఆయుధం చేసి, మీట ఇరుసుకు తన తలవెంట్రుక చుట్టి బిగించి పిల్లాడికిస్తుంది. అందుకే ఇంత బిర్రుగా ఉంటుంది. దీన్ని కన్నెమీట అంటారు. పెళ్ళిపీటల మీద అందరూ చూస్తుండగా తనే విప్పుతుంది. వెంట్రుక తీసి, సానరాయితో నూరి, నూనె చుక్క వేసి, బిగించి మళ్ళీ ఇస్తుంది. పిల్లాడు దీపం పట్టుకుని పక్కన కూర్చుంటాడు. అదే మాకు పెళ్ళి."

"పిల్లాడే ముందు విప్పితే?"

"పిల్లను వద్దన్నట్టు. ఇంక నోటితో చెప్పక్కర్లేదు."

"ఓరి నాయనోయ్! మా ఊళ్ళో వద్దనాలంటే రెండు ఊళ్ళు కొట్టుకుంటాయి" అని చెంచయ్య ముళ్ళు ఏరుకు రావడానికి వెళ్ళాడు.

సింగన మొలతాడును తడుముకున్నాడు. అందులో ముడివేసిన సానరాయి ముక్క ఉంది. అదీ మైలమ ఇచ్చినదే, పెళ్ళిపీటల దాకా దాచమని. పందిరి రాటలు పాతిన ఆ పొద్దున కొలిమి ముందు కూర్చుని ఆయుధం చేతికిస్తూ ఆమె ఏదో చెప్పింది. కమాను గురించి. సింగన ఆమె చెంప మీద అంటిన మసినే చూస్తున్నాడు. తుడవాలని ఎంత మనసైందో చెప్పలేం. మేనమామ ఎదురుగా ఉన్నాడని ఊరుకున్నాడు. ఆ మసి తుడవలేదన్న బాధ గుర్తుంది గానీ, ఆమె చెప్పిన మాట గుర్తులేదు.

అందుకే కొలిమికోట పెళ్ళికొడుకులందరూ చేసే పనే తనూ చేశాడు. పిడి అడుగున, బయటికే, ఒక మర ఉంటుంది. దాన్ని తిప్పి వదులు చేస్తే లోపలి కమాను మెత్తబడి, మీట తేలికవుతుంది. మర వదులు చేయడం విప్పడం కాదు కదా! ఈ కిటుకు తమకు తప్ప ఎవరికీ తెలియదని కొలిమికోట మగవాళ్ళ నమ్మకం. ఆడవాళ్ళు అది చూసి లోలోపల నవ్వుకుంటారన్నది వాళ్ళకు తెలియదు.

మర వదులయ్యింది. ముళ్ళు అయిదూ అయిదు దోసకాయల్లో దిగాయి. సింగన ముఖం వెలిగిపోయింది. దోసకాయ మెత్తనిదన్న సంగతి ఆ సంతోషంలో ఎవరికీ తట్టలేదు.

ఒంటికి నూనె, ముఖానికి మసి పూసుకుని, కావళ్ళు భుజానికెత్తుకుని ఇద్దరూ కొండెక్కారు. ఏడో ప్రాకారం దగ్గర కావలివాడు పెదవులు కదలనంత మెల్లగా అడిగాడు. "ఎప్పుడూ వచ్చేవాళ్ళు కారే?"

చెంచయ్య అతని చెవిలో నోరుపెట్టి గుసగుసలాడాడు. "వాళ్ళకు దగ్గు పట్టుకుంది దొరా. పంపమంటారా?"

కావలివాడు హడలిపోయి దారి వదిలాడు.

ఇద్దరూ లోపలి సభామంటపంలో అడుగుపెట్టారు. వేయి స్తంభాలు, స్తంభానికొక వెండి ప్రమిద, రాత్రి అయితే గానీ వెలిగించరు. కిటికీలన్నిటికీ నల్లపట్టు తెరలు వేలాడదీసి, పట్టపగలే చీకటి చేశారు. గోడల వెంబడి వరసగా కంచు గుడ్లగూబలు, కళ్ళు మూసుకుని. ఆ చివర బంగారు గొలుసుల ఊయలమంచం మీద, ముత్యాల తెర వెనక, ఉలూకాక్షుడి గురక సన్నగా వినిపిస్తోంది. మంటపం నడుమ, అందనంత ఎత్తులో, పొడవాటి ఇనుపగొలుసుకు ఒక చక్రం మెల్లగా తిరుగుతోంది. చక్రానికి అయిదు గాజుబుడ్లు. నూనె లేకుండా వెలిగే అయిదు నీలిజ్వాలలు.

చక్రం కింద మైలమ నిలబడి ఉంది.

పెళ్ళికూతురు చీర, సగం అల్లిన జడ. చెంప మీద ఆ మసి ఇంకా అలాగే ఉంది. ఆమె కళ్ళు నూనె కావళ్ళ వైపు తిరిగాయి. మసి పూసిన ముఖాన్ని దాటి, మారువేషాన్ని దాటి, నేరుగా అతని కళ్ళ దగ్గర ఆగాయి. పరుగెత్తి వెళ్ళి ఆ చేతులు పట్టుకోవాలనిపించింది సింగనకు. ఇంత దూరం, ఇన్ని కొండలు, ఇన్ని ఏళ్ళు దాటి వచ్చింది ఈ చూపు కోసమే అనిపించింది. కానీ ఒక్క అడుగు చప్పుడైతే అందరూ చస్తారు.

చెంచయ్య ప్రమిదల్లో నూనె పోస్తున్నట్టు నటిస్తూ, కావలివాళ్ళు వచ్చే దారంతా ఒంపుకుంటూ పోయాడు. సింగన స్తంభం చాటున మోకాలిమీద కూర్చుని, అంగీ కిందినుంచి ఆరుముల్లు తీసి, మొదటి బుడ్డికి గురిపెట్టి మీట లాగాడు.

చెయ్యి చెక్కు చెదరలేదు. ముల్లు తిన్నగా పోయి గాజు నడిమధ్యన తగిలింది. తగిలి, టంగుమని, బెల్లంముక్కలా జారి కిందపడింది. గాజు పగలలేదు.

ఒక కంచు గుడ్లగూబ ఒంటికన్ను తెరిచింది. ఊయలమంచం మీద గురక ఆగింది. చెంచయ్య నూనెకుండతో సహా బిగుసుకుపోయాడు.

గురక మళ్ళీ మొదలైంది. కంచు కన్ను మాత్రం మూసుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది సింగనకు, కొలిమి ముందు మైలమ చెప్పిన మాట. "బావా, బరువు కమానులో లేదు, రాపిడిలో ఉంది. మర వదులు చేశావో, ముల్లు బయటికొస్తుంది గానీ పని చెయ్యదు. నా మాట విని కమాను జోలికి పోకు. నేను సాపు చేసిందాకా ఆగు." అంతా చెప్పింది పాపం. వినవలసిన మనిషి చెంప చూస్తూ కూర్చున్నాడు.

మర బిగిస్తే గాజు పగులుతుంది. కానీ మీట బిర్రెక్కి చెయ్యి ఒరుగుతుంది. గురి తప్పితే ఒక దీపమైనా మిగులుతుంది. రాపిడి తీయాలి. రాపిడి తీయాలంటే విప్పాలి.

సింగన ఆమె వైపు చూశాడు. ఆమె తననే చూస్తోంది. నేల మీద పడిన ముల్లునూ చూసింది. జరిగింది అర్థమైంది ఆ కళ్ళకు. 'తొందరపడకు' అన్నట్టున్నాయి. మొలతాడు ముడి విప్పి సానరాయి చేతిలోకి తీసుకునేసరికి, ఆ కళ్ళు బెదిరిపోయాయి. వద్దు, వద్దు అన్నాయి. ఎన్ని పగళ్ళు అలా నిలబడి, అతని నడుమున ఆరుముల్లులో తన వెంట్రుక ముడి భద్రంగా ఉందన్న ఒక్క ధైర్యంతో బతికిందో!

"నిన్ను వద్దనడానికి కాదు మైలమా" అని అరవాలనిపించింది. ఆ మంటపంలో గుసగుస కూడా నేరమే. సింగన పక్కపలక తోసి ఆయుధం విప్పాడు.

మైలమ కళ్ళలోంచి నీళ్ళు జారి చెంప మీదికి వచ్చాయి. మసి మీదుగా ఒక చార పడింది.

ఇరుసు మీద ఆమె వెంట్రుక, పొడవుగా, నల్లగా, నూలు కండెలా చుట్టి ఉంది. ఒక్క పోగూ తెగకుండా సింగన దాన్ని విప్పి తన ఎడమచేతి చిటికెనవేలికి చుట్టుకున్నాడు. మీట, కమాను ఒకదాన్నొకటి ఒరుసుకునే అంచు వేలికి గరగరా తగిలింది. కావడిలోని నూనె రాతికి రాసి ఆ అంచు మీద మెల్లగా నూరాడు. సుత్తి పడితే వేలు చదును చేసుకునే చేతులు అవి. ఆ పూట మాత్రం ఎక్కడా తొట్రుపడలేదు. పెళ్ళిపీటల మీద ఆమె చేయవలసిన పని, స్తంభం చాటున కూర్చుని, ఆమె ఏడుస్తూ చూస్తుండగా తను చేస్తున్నాడు. దీపం పట్టుకోవలసిన మనిషి దీపాలు ఆర్పడానికి తయారవుతున్నాడు.

నూనె చుక్క వేసి పలక మూశాడు. మర చివరంటా బిగించాడు. కింద పడిన ముల్లును పాకుతూ వెళ్ళి ఏరి తెచ్చి తొర్రలో పెట్టుకున్నాడు. మీట మీద వేలు ఆనించి చూస్తే, నీళ్ళలో వేలు కదిపినట్టుంది.

"కానీ!" అన్నట్టు చెంచయ్య తల ఊపాడు.

మొదటి బుడ్డి భళ్ళున పగిలింది. కంచు గుడ్లగూబలన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచి కేకపెట్టాయి. రెండోది, మూడోది. "ఎవడురా!" అని ముత్యాల తెర చిరిగింది. కావలివాళ్ళు దూదిచెప్పులతో పరుగెత్తుకొచ్చి నూనెలో ఒకడి మీద ఒకడు పడ్డారు. నాలుగోది. వెనక్కి తిరిగిపోతున్న చక్రం మీద అయిదోది స్తంభం చాటుకు జారింది. పగిలిన బుడ్లలో వత్తులు ఎర్రగా రాజుకోవడం మొదలెట్టాయి. సింగన గురి కదపలేదు. స్తంభం అంచున నీలిజ్వాల తొంగిచూసిందో లేదో, వేలు కదిలింది.

చీకటైంది. ఆ చీకట్లో ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

"ఎవరు విప్పమన్నారు నిన్ను?"

ఎంతకాలానికి విన్నాడు ఆ గొంతు! తిడుతున్నా తియ్యగానే ఉంది.

"నేనే విప్పాను పిల్లా. వేరే దారి లేక..."

"కమాను వదులు చెయ్యొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి చెవులెక్కడ పెట్టావు బావా?" అంటూ మైలమ చీకట్లో తడుముకుంటూ వచ్చి, ఏడుపూ నవ్వూ కలిసిపోగా అతని భుజం మీద గుద్దింది. సింగన చెయ్యెత్తి, ఇన్నాళ్ళ కోరిక తీరేలా, ఆమె చెంప మీద మసి తుడవబోయాడు.

చెయ్యి గాలినే తుడిచింది.

ఏనుగంత గుడ్లగూబ వాళ్ళ మధ్యకు దూసుకొచ్చి, మైలమ నడుమును గోళ్ళతో పట్టి లేచింది. రెక్క తగిలి చక్రం తెగింది. దాని ఇనుపగొలుసు గుడ్లగూబ కాలికి మెలిపడి వేలాడుతోంది. నల్లపట్టు తెరలు చీల్చుకుని పక్షి ఆకాశంలోకి పోయింది. మధ్యాహ్నపు ఎండ ఒక్కసారిగా మంటపంలోకి విరుచుకుపడింది.

సింగన కిటికీ దగ్గరికి ఉరికాడు. ఎండకు కళ్ళు కనబడక గుడ్లగూబ బురుజును గుద్దుకుని, అక్కడే గిరికీలు కొడుతోంది. పెద్ద గురి. గుడ్డివాడు కూడా కొట్టగలడు. చేతిలో ఆరో ముల్లు ఉంది. చెయ్యి ఒరగదు, మీట బరువు లేదు. కానీ కింద పాతాళం లాంటి లోయ. పక్షి పడితే మైలమా పడుతుంది.

అతని చూపుడువేలు మీట మీద వణికింది. బిర్రుగా ఉన్న రోజుల్లో ఎంతసేపైనా వేలు ఆనించి ఆలోచించుకునేవాడు. ఇప్పుడు వణుకు చాలు, ముల్లు పోతుంది. సింగన చప్పున వేలు తీసేశాడు.

"అన్నా, గొలుసు!" అని అరిచాడు చెంచయ్య. ఆ కోటలో అన్నేళ్ళలో ఎవరూ అంత గట్టిగా అరిచి ఉండరు.

సింగన కిటికీ మీదినుంచి దూకాడు. కుడిచేతికి గొలుసు దొరికింది. గుడ్లగూబ ఒక్క కుదుపుతో కోట దాటి, లోయ మీదుగా ఉత్తరానికి సాగింది. నడుమున దోపుకున్న ఆరుముల్లు ప్రతి కుదుపుకూ కదులుతోంది. లాగితే రావడం లేదని ఇన్నాళ్ళూ విసుక్కున్న మీటను, కదలకుండా ఎడమచేత్తో బొడ్డు దగ్గర అదిమి పట్టుకుని, అతను ఒంటిచేత్తో గొలుసు ఎగబాకాడు. పళ్ళతో గొలుసు పట్టుకుంటూ, మోకాళ్ళ మధ్య నొక్కుకుంటూ ఎగబాకాడు.

పైన గోళ్ళ మధ్యనుంచి మైలమ కిందికి వంగింది.

"బావా! ఆ వెంట్రుక ఏం చేశావు?"

సింగన ఎడమచేతి చిటికెనవేలు ఎత్తి చూపించాడు.

"పారెయ్యకు. ముడి మళ్ళీ నేనే వేస్తాను. మళ్ళీ నేనే విప్పుతాను. నువ్వు దీపం పట్టుకోవాలి, తెలిసిందా?"

"ముందు దిగే సంగతి చెప్పు పిల్లా!"

"వీడికి రెక్క మొదట్లో, ఈక కింద ఎముక లేని చోటుంది. కొలతలు తీసినప్పుడు చూశాను. అదిగో, నీలిమడుగు వస్తోంది. నీళ్ళ మీదికి రాగానే కొట్టాలి. నీకు అక్కణ్ణుంచి కనబడదు. ఆరుముల్లు ఇటియ్యి!"

ఆమె చెయ్యి చాచింది. అతను చాచాడు. రెండు చేతుల మధ్య జానెడు ఖాళీ మిగిలింది. గొలుసు ఊగినప్పుడల్లా ఆ జానెడు తగ్గి, అందేలోపల మళ్ళీ పెరుగుతోంది. పెళ్ళిపందిరి నాటినుంచి ఆ దూరమే తనను తిప్పుతోందనిపించింది సింగనకు.

ఆమెకు పిడి అందాలంటే ఆయుధాన్ని తిప్పి పట్టుకోవాలి. సింగన తిప్పాడు. పిడి ఆమె వైపు, ముల్లు తన గుండె వైపు. నడుమ, తన చేతులతో తనే నూరి నున్నన చేసిన మీట.

"తొందరపడకు బావా" అంది మైలమ. "ఈసారైనా నా మాట విను."

కింద నీలిమడుగు అంచు మెరిసింది. సింగన ఆమె కళ్ళలోకి చూస్తూ చెయ్యి చాచాడు.